స్థానిక ఎన్నికల విరాళాలు: పోలింగ్ ముగిశాక లెక్క తెలిస్తే ఓటరుకు ఏం లాభం?

పద్దుపుస్తకం

స్థానిక ఎన్నికల ఖర్చు ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాటలన్నీ వ్యయ పరిమితి చుట్టూనే తిరుగుతాయి. ఎంతవరకు పెట్టవచ్చు, ఎవరు దాటారు, ఎవరికి నోటీసు వెళ్లింది అన్నవే వార్తలవుతాయి. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది రాబడి లెక్క. ఆ డబ్బు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఓటు వేసేలోపు ఆ సంగతి ఓటరుకు తెలిసిందా అని గట్టిగా అడిగేవారు తక్కువ.

చట్టసభ అభ్యర్థికి విరాళమిచ్చే సంస్థ ఏదో ఒక విధానం మారాలని ఆశిస్తుంది. అది మారడానికి ఏళ్లు పడుతుంది, ఎందరో సభ్యులు ఒప్పుకోవాలి. పురపాలక సంఘంలోనో పంచాయతీలోనో వ్యవహారం వేరు. ఏ లేఅవుటుకు అనుమతి ఇవ్వాలి, ఏ వీధి మురుగుకాలువ పని ఎవరికి దక్కాలి, చెత్త తరలించే గుత్తేదారు బిల్లు ఎప్పుడు మంజూరు కావాలి అన్నవి కొద్దిమంది ఒక పూట కూర్చుని తేల్చేస్తారు. లాభపడే మనిషి ఎవరో అందరికీ తెలుసు. అక్కడ చిన్న మొత్తమే పెద్ద పని చేసిపెడుతుంది. అయినా పారదర్శకత నియమాలు అన్నిటికన్నా పలచగా ఉండేది ఈ ఎన్నికల్లోనే.

గడువుల సంగతి చూడండి. బ్రిటన్‌లో స్థానిక అభ్యర్థి తరఫు ఏజెంటు ఫలితం వెలువడిన 35 రోజుల్లోగా ఖర్చుల పట్టిక ఇవ్వాలి. తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో గడువు 45 రోజులు. పట్టిక అందేసరికి గెలిచినవారు కుర్చీలో కూర్చుని ఉంటారు. బ్రెజిల్‌లో మాత్రం 2015లో తెచ్చిన చట్టం ప్రకారం, డబ్బు చేతికి వచ్చిన 72 గంటల్లో ఆ వివరం ఇంటర్నెట్‌లో కనిపించాలి. మేయర్ల ఎన్నికలకూ, పురసభల ఎన్నికలకూ అదే నియమం. కాబట్టి ఇది చేయడానికి వీలుకాని పని కాదు.

ఇలాంటి లెక్కలు రాసినవారు, తనిఖీ చేసినవారు, చదివినవారు ఎవరైనా ఉంటే అనుభవం చెప్పండి. పరిమితి పెంచాలా తగ్గించాలా అన్న వాదం మరోసారి చూద్దాం.

గళ్ళచొక్కా

పద్దుపుస్తకం గారూ, మీ ఆవేదన అర్థమవుతోంది. కానీ ఉన్న లెక్కలే అబద్ధాలైనప్పుడు వాటిని 72 గంటల్లో పెడితే ఏమిటి, 45 రోజులకు పెడితే ఏమిటి? అసలు డబ్బు నగదుగా చేతులు మారుతుంది. దానికి రశీదు ఉండదు. అభ్యర్థి పెట్టే పట్టిక మొక్కుబడి కాగితం. ఓటరుకు ఆ కాగితం చూపించి ఇదే పారదర్శకత అని నమ్మించడం అసలు చూపించకపోవడం కన్నా హాని.

ఓచరు

గళ్ళచొక్కా గారి మాటకు నాదొక జవాబు. ఖర్చుల పట్టికలు పరిశీలించే పని కొంతకాలం చేశాను కాబట్టి చెబుతున్నాను. అబద్ధపు లెక్క కూడా పనికొస్తుంది. ఎందుకంటే అది సంతకం పెట్టి ప్రమాణం చేసిన అబద్ధం.

ఒక పట్టిక చేతికి వస్తే నేను మొత్తం అంకె చూడను, అది ఎప్పుడూ పరిమితికి కాస్త కిందే ఉంటుంది. ముందు బిల్లుల వరస సంఖ్యలు చూస్తాను. ప్రచారం రెండు వారాలు సాగితే ముద్రణాలయం బిల్లుల మధ్య ఎడం ఉండాలి, ఈలోగా ఆ ముద్రణాలయం ఇతరుల పనులు కూడా చేసి ఉంటుంది కదా. ఒకే అభ్యర్థి పేరిట వరసగా ఐదారు బిల్లులు, తేదీలు మాత్రం వేరువేరుగా ఉంటే, అవన్నీ ఒకే రోజు కూర్చుని రాసినవని అర్థం. తరవాత జతలు చూస్తాను. మైకు అద్దె ఉండి వేదిక ఖర్చు లేదంటే వేదిక ఎవరో ఇచ్చారు. వాహనం అద్దె ఉండి ఇంధనం లేదంటే ఇంధనం ఎవరో పోయించారు. ఆ ‘ఎవరో’ విరాళాల పట్టికలో కనిపించాలి. కనిపించకపోతే అక్కడే ప్రశ్న మొదలవుతుంది. ఇక ఒకే పేటలో ఇద్దరు ప్రత్యర్థులు ఒకే కొలత బ్యానరుకు రాసిన ధరల్లో ఒకటి రెండోదానిలో సగం ఉంటే, మిగతా సగం ఎవరు కట్టారో అడగాలి.

ఇదంతా పట్టిక ఉంటేనే సాధ్యం. బ్రిటన్ నియమాల్లో 20 పౌండ్లు, ఆపైన చెల్లింపులకు బిల్లు జతచేయాలి. 50 పౌండ్లు దాటిన విరాళానికి దాత వివరం రాయాలి. అంత చిన్న మొత్తాలకు కాగితం ఎందుకు అనిపిస్తుంది గానీ, నేను చెప్పిన జతలు దొరికేది ఆ చిన్న కాగితాల్లోనే.

నా బాధల్లా ఒకటే. ఈ పరిశీలన నాలాంటివారు ఒక గదిలో కూర్చుని, ఫలితాల తరవాత చేస్తారు. అదే పట్టిక ప్రచారం మధ్యలో బయటికి వస్తే, ఆ వేదిక చూసినవారు, ఆ వాహనం ఎక్కినవారు ఊరంతా ఉంటారు. నాకు కనపడనివి వారికి కనపడతాయి.

చట్టంచదివా

ఓచరు గారు చెప్పినదానికి కాస్త చరిత్ర జోడిస్తాను. అభ్యర్థి ఖర్చుకు చట్టపరమైన పరిమితి, ఏజెంటు లెక్క చెప్పాలన్న బాధ్యత బ్రిటన్‌లో 1883 చట్టంతో వచ్చాయి. ఆ చట్టం మొత్తం ‘అభ్యర్థి’ అనే ఒక్క మనిషి చుట్టూ అల్లినది. డబ్బు ఆయన చేతి మీదుగానే ఖర్చవుతుందన్నది దాని లోపలి నమ్మకం. ఆ నమ్మకం ఎప్పుడో సడలిపోయినా చట్టాలు దాన్నే పట్టుకుని వేలాడుతున్నాయి.

భారతదేశంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు, అభ్యర్థికి తెలిసి ఆయన కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా ఆయన లెక్కలోకే వస్తుందని చెప్పింది. వెంటనే ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షనుకు వివరణ చేర్చి, పార్టీలు, మిత్రులు పెట్టే ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదన్నారు. మిత్రుల మినహాయింపు తరవాత తీసివేశారు. పార్టీ ఖర్చుకు ఈనాటికీ పరిమితి లేదు.

స్థానిక సంస్థలకు వచ్చేసరికి పరిస్థితి ఇంకా చిక్కు. అక్కడ 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం వర్తించదు. 73, 74 రాజ్యాంగ సవరణలతో ఏర్పడిన రాష్ట్ర ఎన్నికల సంఘాలు, ఆయా రాష్ట్రాల చట్టాలే ఆధారం. తెలంగాణలో 5,000 పైచిలుకు జనాభా ఉన్న పంచాయతీకి సర్పంచి అభ్యర్థి వ్యయ పరిమితి రెండున్నర లక్షలు, అంతకన్నా చిన్న పంచాయతీకి లక్షన్నర. పైగా సర్పంచి ఎన్నిక పార్టీల గుర్తుల మీద జరగదు. పార్టీలు బహిరంగంగా బలపరుస్తాయి, కానీ కాగితం మీద పార్టీయే లేదు. అందుచేత పార్టీ ఖర్చును అడిగే తలుపు కూడా మూసుకుపోయింది.

‘అభిమానులు వేయించారు’ అనే బ్యానర్ల సంగతి కూడా చెప్పాలి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం ఇతరులు ఖర్చు పెట్టడం మన శిక్షాస్మృతిలో ఎప్పటినుంచో నేరం. పాత చట్టంలో 171హెచ్ సెక్షను, గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. కొత్త న్యాయసంహితలో 176వ సెక్షను, గరిష్ఠంగా 10,000. ఆ బ్యానర్ల వల్ల అభ్యర్థికి దక్కే లాభంతో పోలిస్తే ఆ జరిమానా ఎంత? నియమం ఉంది, నియమానికి పళ్లు లేవు.

వానచినుకు

ఇంతవరకు అందరూ దాత పేరు బయటపెట్టడం మంచిదే అన్న నమ్మకంతో మాట్లాడారు. నాకు అంత నమ్మకం లేదు. స్థానిక ఎన్నికల్లో దాత పక్కనే ఉంటాడు, గెలిచినవాడూ పక్కనే ఉంటాడు. ఓడిన అభ్యర్థికి ఒక చిన్న వ్యాపారి విరాళమిచ్చాడని పట్టికలో కనిపిస్తే, మర్నాడు ఆయన లైసెన్సు పునరుద్ధరణ ఆగిపోదని హామీ ఎవరిస్తారు? పెద్ద గుత్తేదారు ఇద్దరికీ ఇచ్చి సురక్షితంగా ఉంటాడు. దెబ్బ తగిలేది అధికారంలో ఉన్నవారికి ఎదురునిలిచే అభ్యర్థికి కాస్త సాయం చేసిన మామూలు మనిషికి.

అమెరికాలో మార్గరెట్ మెకింటైర్ అనే గృహిణి ఉదంతం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1988లో ఒహాయో రాష్ట్రం వెస్టర్‌విల్‌లో పాఠశాల పన్ను పెంపు మీద స్థానిక ఓటింగ్ జరిగింది. ఆమె దానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచింది. కొన్నింటి మీద తన పేరు లేదు, ‘ఆందోళన చెందుతున్న తల్లిదండ్రులు, పన్ను చెల్లింపుదారులు’ అని మాత్రమే ఉంది. పాఠశాల అధికారి ఒకరు ఫిర్యాదు చేశారు. పేరు వేయనందుకు 100 డాలర్ల జరిమానా పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1995లో ఆమె వైపు తీర్పు వచ్చింది. అప్పటికి ఆమె చనిపోయింది. పారదర్శకత చట్టం చివరికి ఎవరి మీద పడిందో చూడండి. తన ఆలోచన తన ఖర్చుతో అచ్చువేసుకున్న ఒక తల్లి మీద. ఇలాంటి చట్టాన్ని ఎవరు ఎవరి మీద ప్రయోగిస్తారన్నది ముందే ఆలోచించాలి.

పద్దుపుస్తకం

వానచినుకు గారూ, ఈ చర్చలో చాలా అవసరమైన మాట చెప్పారు. మెకింటైర్ కేసులో తీర్పు సరైనదేనని నేనూ అనుకుంటాను. అయితే ఆమె అభ్యర్థికి డబ్బివ్వలేదు. తన అభిప్రాయం తాను చెప్పింది. నేను అడుగుతున్నది రేపు సంతకం పెట్టే చేతిలో పడిన డబ్బు గురించి. ఆ రెండింటినీ ఒక గాటన కట్టకూడదు.

వేధింపుల భయం నిజమే. దానికి రెండు మార్గాలు ఇప్పటికే ఉన్నాయి. ఒకటి, చిన్న విరాళాల పేర్లు బయటపెట్టనవసరం లేని హద్దు. కెనడాలోని ఒంటారియోలో 100 డాలర్లు మించిన మున్సిపల్ విరాళాలకే దాత పేరు పట్టికలో వేస్తారు. రెండోది, నిజంగా వేధింపులకు గురయ్యే చిన్న పక్షాలకు మినహాయింపు. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఒహాయోలోని సోషలిస్ట్ వర్కర్స్ పార్టీకి ఇలాగే మినహాయింపు ఇచ్చింది. ఆ పార్టీ తమ సభ్యులకు వచ్చిన బెదిరింపులను, ఉద్యోగాల తొలగింపులను కోర్టు ముందు పెట్టింది. భయం ఉందని ఊరికే అంటే సరిపోదు, రుజువు చూపించాలి.

మీ ఉదాహరణలోని వ్యాపారి ఇచ్చేది హద్దు లోపలి మొత్తమే అయితే ఆయన పేరు రాదు. హద్దు ఎక్కడ గీయాలన్నది మాత్రం ఆ ఎన్నిక పరిమాణాన్ని బట్టి ఉండాలి. చిన్న వార్డులో పెద్ద హద్దు పెడితే దాతలంతా దాని కిందే దాక్కుంటారు.

మాజీ విలేకరి

పురపాలక వార్తలు రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి. దాతల పేర్లున్న పట్టిక కళ్ల ముందున్నా మోసపోవచ్చనడానికి కెనడాలోని మాంట్రియల్ నగరం కథ చెప్పాలి.

క్విబెక్ రాష్ట్రం 1977లోనే పార్టీలకు కంపెనీల విరాళాలు నిషేధించింది. ఓటరు మాత్రమే ఇవ్వాలి. వినడానికి ఎంతో శుభ్రంగా ఉంది. మున్సిపల్ రాజకీయాల్లో జరిగిందేమిటంటే, ఇంజినీరింగ్ సంస్థలు, నిర్మాణ సంస్థలు తమ ఉద్యోగుల పేరిట, వారి కుటుంబసభ్యుల పేరిట చెక్కులు ఇప్పించి ఆ డబ్బు వారికి వెనక్కి ఇచ్చేశాయి. అచ్చమైన బినామీ. నిర్మాణ కాంట్రాక్టుల అవినీతి మీద విచారణకు 2011లో ఏర్పాటైన షార్బోనో కమిషన్ ముందు సాక్షులు దీన్ని పూసగుచ్చినట్టు వివరించారు. మురుగుకాలువల పనులు పంచుకున్న గుత్తేదారులు కాంట్రాక్టు విలువలో 3 శాతం మేయర్ పార్టీకి కట్టేవారని కూడా ఒక సాక్షి చెప్పాడు. మాంట్రియల్ మేయర్ జెరాల్డ్ ట్రాంబ్లే తనకు తెలియదంటూనే 2012 నవంబరులో రాజీనామా చేశారు. పక్కనే ఉన్న లవాల్ నగరానికి 23 ఏళ్లు మేయరుగా ఉన్న జిల్ వయ్యాంకూర్ కూడా అదే నెలలో దిగిపోయారు. 2016లో నేరం ఒప్పుకున్నారు, ఆరేళ్ల జైలుశిక్ష పడింది.

చూడండి, పట్టికలో పేర్లున్నాయి. ఆ పేర్లు నిజమైన మనుషులవే. డబ్బు మాత్రం వారిది కాదు. పేరు ఒక్కటే ఉన్న పట్టికను చదివి ఇది ఎవరూ పసిగట్టలేరు. పేరు పక్కన ‘ఎక్కడ పనిచేస్తారు’ అన్న గడి ఉంటే, ఒకే సంస్థకు చెందిన గుమస్తాలు, డ్రైవర్లు, ఇంజినీర్లు అంతా ఒకే అభ్యర్థికి గరిష్ఠ మొత్తం ఇచ్చారని ఎవరికైనా కనిపిస్తుంది. న్యూయార్క్ నగరంలో 99 డాలర్లు దాటిన విరాళాలకు దాత వృత్తి, పనిచేసే సంస్థ చెప్పించేది అందుకే.

నేను వార్తలు రాసిన రోజుల్లో నా దగ్గర రెండు పుస్తకాలుండేవి. ఒకదాంట్లో కౌన్సిల్ తీర్మానాలు, రెండోదాంట్లో పనులు దక్కించుకున్నవారి జాబితా. మూడోది, ప్రచారానికి డబ్బిచ్చినవారి జాబితా, ఎన్నడూ దొరకలేదు. అధికారిని అడిగితే ఆ దస్త్రం సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నారనేవారు. ఆ మూడో పుస్తకం ఉంటే మిగతా రెండూ వేరేలా చదివేవాణ్ణి.

తొలిఓటు

ఇదంతా శ్రద్ధగా చదువుతున్నాను. నాకు ఒక సందేహం. న్యూయార్క్‌లో వృత్తి, సంస్థ పేరు చెబుతారు సరే. ఆ సంస్థకు నగరంతో కాంట్రాక్టు ఉందో లేదో ఓటరు ఎలా తెలుసుకోవాలి? ఆ పోలిక కూడా మామూలు మనిషే చేసుకోవాలా?

మాజీ విలేకరి

చాలా మంచి ప్రశ్న. అక్కడ ఆ పని ప్రభుత్వమే చేస్తుంది. నగరంతో కాంట్రాక్టులు, భూ వ్యవహారాలు నడిపే సంస్థల యజమానులు, పెద్ద అధికారుల పేర్లతో ఒక బహిరంగ జాబితా ఉంది. 2007 చట్టంతో వచ్చింది. ఆ జాబితాలో ఉన్నవారు ఇవ్వగలిగే మొత్తం ఇతరులకన్నా బాగా తక్కువ. కౌన్సిల్ అభ్యర్థికైతే 250 డాలర్లు, మేయర్ అభ్యర్థికైతే 400. పైగా వారి విరాళానికి ప్రభుత్వం ఇచ్చే జోడింపు నిధి రాదు. ఆ నగరంలో మామూలు నివాసి ఇచ్చే చిన్న విరాళానికి ప్రభుత్వం ఎనిమిది రెట్లు జోడిస్తుంది. అంటే గుత్తేదారు దగ్గరికి వెళ్లడం కన్నా పేటలోని పదిమంది దగ్గరికి వెళ్లడమే అభ్యర్థికి లాభం.

నేను కలగన్న మూడు పుస్తకాలూ ఒకచోట కలిసింది అక్కడే.

వార్డుబరి

ఇంతవరకు మాట్లాడినవారిలో పోటీ చేసినవారు ఎవరూ ఉన్నట్టు లేదు. నేను ఒక వార్డుకు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి ఓడిపోయాను. లెక్కలు నిజాయితీగా రాశాను. అందుకే కొన్ని మాటలు చెప్పాలి.

నియమాలు పెరిగినకొద్దీ భారం పడేది నాలాంటివారి మీద. పెద్ద అభ్యర్థికి లెక్కలు రాయడానికి మనిషి ఉంటాడు. నేను పగలంతా ఇంటింటికీ తిరిగి, రాత్రి కూర్చుని ఖర్చులు రాసుకోవాలి. స్నేహితుడు తన ఇంటి వరండా వాడుకోమన్నాడు. దానికి అద్దె విలువ కట్టాలా? పొరుగింటి అమ్మాయి కరపత్రానికి బొమ్మ గీసి ఇచ్చింది. అది విరాళమా, సేవా? కార్యాలయంలో అడిగితే ఒక్కో బల్ల దగ్గర ఒక్కో జవాబు. ఫారం తప్పుగా నింపితే అనర్హత అన్న భయం ఒకవైపు. ప్రత్యర్థి తరఫున వీధి వీధికీ వెలిసిన బ్యానర్లు ఎవరి లెక్కలోనూ లేవన్న కడుపుమంట ఇంకోవైపు.

పోలింగ్‌కు ముందే లెక్క బయటపెట్టాలంటే నేను సిద్ధం. పైగా నాకు మేలు కూడా. నా దాతలు ఎవరో చూపించి ఓటు అడిగేవాణ్ణి. కానీ దానికి తగిన సాయం కూడా చట్టంలోనే ఉండాలి. సాయం లేకుండా గడువులు మాత్రమే పెడితే, రెండో ఎన్నికకు నాలాంటివారు ఉండరు.

ఓచరు

వార్డుబరి గారూ, మీరు చెప్పిన ఇబ్బంది అక్షరాలా నిజం. ఖర్చు లెక్కలు సకాలంలో ఇవ్వక అనర్హులైనవారి జాబితాలు చూస్తే, వాటిలో చాలావరకు డబ్బు లేని ఓడిన అభ్యర్థులే ఉంటారు. దాచడానికి ఏమీ లేకపోయినా ఎలా ఇవ్వాలో తెలియక మానుకున్నవారు.

దీనికి నాకు తెలిసిన మంచి మందు బ్యాంకు ఖాతా. నామినేషన్ నాడే ఒక ప్రత్యేక ఖాతా తెరిచి, వచ్చే ప్రతి రూపాయి అందులోకే రావాలి, వెళ్లే ప్రతి రూపాయి అందులోంచే వెళ్లాలి. అప్పుడు బ్యాంకు ఇచ్చే వివరమే సగం పట్టిక. మిగతా సగానికి ఎన్నికల సంఘమే ఉచితంగా ఒక ఫోను యాప్ ఇవ్వవచ్చు. న్యూయార్క్ నగరంలో ప్రచార నిధుల లెక్కలు చూసే బోర్డు అభ్యర్థులకు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌ను తనే ఉచితంగా ఇస్తుంది. అందులోంచి దాఖలు చేసిన వివరాలే ప్రజలకు కనిపిస్తాయి. స్వచ్ఛందంగా చేసిన సేవకు లెక్క అక్కర్లేదు, వస్తువుకూ స్థలానికీ మార్కెట్ విలువ కట్టాలి అన్న ఒక్క వాక్యం ఫారం మీదే అచ్చువేస్తే మీ సందేహాల్లో చాలావరకు తీరేవి.

గళ్ళచొక్కా

సరే, పట్టిక వచ్చింది, యాప్ వచ్చింది. ఎవరో చదివి తప్పు పట్టుకున్నారు. తరవాత? 2010 టొరంటో మేయర్ ఎన్నికలో రాబ్ ఫోర్డ్ వ్యయ పరిమితిని 40,168 డాలర్లు దాటారని ఆడిటర్లే తేల్చారు. ఆడిట్ కోరింది ఇద్దరు మామూలు పౌరులు. 2013 ఫిబ్రవరిలో ముగ్గురు సభ్యుల కమిటీ ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఓటువేసి చర్య అక్కర్లేదంది. అంత దూరం వచ్చిన కేసే అలా ముగిస్తే, ఎవరికి భయం?

చట్టంచదివా

ఆ ఉదాహరణ సరైనదే. దాన్నుంచి నేను తీసుకునే పాఠం మాత్రం వేరు. ఎక్కడైతే ఒక కమిటీ దయతలచాలో, ఒక అధికారి అనుమతించాలో, అక్కడ శిక్ష బలహీనపడుతుంది. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్ర చట్టంలోనే మరో నియమం ఉంది. గడువులోగా ఆర్థిక వివరాలు దాఖలు చేయకపోతే పదవి దానంతటదే పోతుంది, వచ్చే సాధారణ ఎన్నికలో నిలబడే హక్కూ పోతుంది. ఎవరి ఓటూ అక్కర్లేదు. కాబట్టి దాఖలు చేయని అభ్యర్థి అక్కడ నిలవలేడు.

ఇదే సూత్రం విరాళాలకు వర్తింపజేయాలి. పట్టికలో చూపించని డబ్బు ఉందని తేలితే అంత మొత్తం ఖజానాకు జమ కావాలి. ఇందులో ఉద్దేశం ఏమిటన్న విచారణ అక్కర్లేదు. ఉద్దేశపూర్వక మోసం నిరూపించడం వేరే సంగతి, దానికి కోర్టులున్నాయి.

ఇంకొకటి. 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేస్తూ మన సుప్రీంకోర్టు, పార్టీలకు డబ్బు ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడం ఓటరు హక్కులో భాగమని ఐదుగురు న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పులో చెప్పింది. దాత ఏదో ఆశించి ఇచ్చే అవకాశాన్ని కోర్టు ప్రధానంగా పరిగణించింది. ఆ తర్కం పార్లమెంటుకు వర్తిస్తే, దాతా గ్రహీతా ఒకే వీధిలో ఉండే వార్డుకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. రాష్ట్ర ఎన్నికల సంఘాల ముందు ఈ తీర్పు పెట్టి అడగవచ్చు.

వానచినుకు

హద్దు, మినహాయింపు రెండూ ఉంటే నా అభ్యంతరం చాలావరకు తీరుతుంది. ఒక్క షరతు. ప్రకటన అమ్మినవారి మీద కూడా బాధ్యత పెట్టాలి. అభ్యర్థి ఒక్కడే చెబితే దాన్ని సరిచూసేందుకు రెండో చేతివ్రాత ఉండదు.

పద్దుపుస్తకం

ఇదే నేను చెప్పాలనుకుని ఆగిన అంశం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం రాజకీయ ప్రకటన అమ్మినవారు ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో రాసిపెట్టి, అడిగిన ఏ పౌరుడికైనా చూపించాలి. ఆ చట్టం మొదలైనప్పుడు పత్రికలు, రేడియోలు మనసులో ఉన్నాయి. ఇంటర్నెట్ ప్రకటనలకు కూడా అదే వర్తిస్తుందంటూ ఆ రాష్ట్రంలోని సియాటెల్ నగరంలో పురపాలక ఎన్నికల ప్రకటనల వివరాలు విలేకరులు అడగడం మొదలుపెట్టారు. గూగుల్, ఫేస్‌బుక్‌ల మీద 2018లో రాష్ట్రం కేసు వేసింది. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఆ తరవాత కూడా వివరాలు ఇవ్వలేదని తేలడంతో, 2022 అక్టోబరులో కోర్టు 822 ఉల్లంఘనలకు ఒక్కోదానికి 30,000 డాలర్ల చొప్పున జరిమానా వేసింది. ఇందాక 500 రూపాయల జరిమానా గురించి మాట్లాడుకున్నాం. పక్కపక్కన పెట్టి చూడండి.

అదే నగరం ఎన్నికల్లో 2019లో అమెజాన్ సుమారు 15 లక్షల డాలర్లు వాణిజ్య మండలి ప్రచార సంఘానికి ఇచ్చింది. నగర కౌన్సిల్ ఎన్నికకు అది చాలా పెద్ద మొత్తం. కానీ ఆ సంగతి పోలింగ్‌కు ముందే అధికారిక లెక్కల్లోకి వచ్చింది, పత్రికల్లోకి వచ్చింది, ప్రచారంలోనే చర్చ అయింది. ఆ సంఘం బలపరిచినవారిలో ఎక్కువమంది ఓడిపోయారు. వారు ఓడిపోవడం మంచిదా చెడ్డదా అన్నది నా విషయం కాదు. డబ్బు సంగతి తెలిసి ఓటు వేసే అవకాశం అక్కడి వారికి దక్కింది. ఆ లెక్క 35 రోజుల తరవాత వచ్చి ఉంటే దక్కేది కాదు.

తొలిఓటు

ఇప్పటికే ముగిసిన ఎన్నికల లెక్కలు చూడాలంటే ఏం చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఓచరు

ఆలస్యం చేయకుండా అడగండి. ఈ దస్త్రాలు కలకాలం ఉంచరు. బ్రిటన్‌లో వార్డు అభ్యర్థుల పట్టికలు రెండేళ్లు మాత్రమే చూడనిస్తారు. మన దగ్గరైతే అభ్యర్థుల ఖర్చు పట్టికల నకళ్లకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘ఖర్చు వివరాలు ఇవ్వండి’ అని రాస్తే మొత్తం అంకె ఒక్కటే ఇస్తారు. ‘ఓచర్లు, బిల్లులు, రోజువారీ ఖాతా పుస్తకం నకళ్లతో సహా’ అని రాయండి. గెలిచినవారిది, రెండో స్థానంలో ఉన్నవారిది రెండూ అడగండి. పక్కపక్కన పెట్టినప్పుడే ధరల తేడాలు కనిపిస్తాయి.

వచ్చిన కాగితాలను ఇక్కడ పెట్టేముందు దాతల చిరునామాలు, ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతా సంఖ్యలు చెరిపివేయండి. పేరు, మొత్తం, తేదీ, పనిచేసే సంస్థ చాలు.

వార్డుబరి

ఓచరు గారు చెప్పిన నాలుగు గడులతో ఒక నమూనా ఎవరైనా తయారుచేసి ఇక్కడ పెట్టండి. నా ఎన్నిక లెక్కలన్నీ బిల్లులతో సహా నా దగ్గర భద్రంగా ఉన్నాయి. నాకు డబ్బిచ్చినవారిని ఒక్కొక్కరినీ అడిగి, ఒప్పుకున్నవారి పేర్లతో, ఒప్పుకోనివారి మొత్తాలు మాత్రమే చూపించి అందులో నింపుతాను. వరండా అద్దె విలువ ఎంత కట్టాలో ఓచరు గారు చెబితే అది కూడా వేస్తాను.

ఓచరు

ఆ వీధిలో అంతే స్థలానికి రోజు అద్దె ఎంతో కనుక్కుని, వాడిన రోజులతో గుణించండి. నమూనా నేను ఈ రాత్రికే పెడతాను.